66 ఏళ్లకు బరువులు ఎత్తడం మొదలుపెట్టాను: కండ తగ్గిపోవడంతో నా అనుభవం

పదేళ్లుగా నా బరువు 58 కిలోల దగ్గరే ఉంది. ఏ చెకప్‌కి వెళ్లినా "బరువు బాగా కంట్రోల్‌లో ఉంది" అనేవారు. ఆ 58 కిలోల్లో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది బరువు మిషన్ చెప్పదు కదా. వేసుకునే బట్టలు భుజాల దగ్గర వదులవుతూ, నడుము దగ్గర బిగుసుకుంటూ వచ్చాయి. తొడలు సన్నబడ్డాయి. సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది. గట్టిగా బిగించిన సీసా మూతలు మా వారి చేత తీయించుకునేదాన్ని. ఉదయం నడక మాత్రం ఏ రోజూ మానలేదు. ముప్పావుగంట నడిచినా ఆయాసం వచ్చేది కాదు. అందుకే లోపల జరుగుతున్నది బయటికి కనబడలేదు.

ఒకసారి మెట్లు దిగుతుండగా కాలు అంచు మీద జారింది. రెయిలింగ్ దొరికింది కాబట్టి పడలేదు. అయితే జారిన వెంటనే రెండో కాలు గట్టిగా ఆనుకుని ఒంటిని నిలబెట్టాలి కదా, అది జరగలేదు. నన్ను ఆపింది చెయ్యే. ఈ మాట డాక్టర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "నొప్పి వల్ల కాలు ఆనించలేకపోయారా, బలం చాలకా?" అని అడిగారు. బలం చాలకే అన్నాను. ఆయన వెంటనే మందులు రాయలేదు. ముందు ఐదు ప్రశ్నలు వేశారు: నాలుగైదు కిలోల బరువు ఎత్తి మోయగలరా, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడవగలరా, కుర్చీలోంచో మంచం మీంచో లేవగలరా, పది మెట్లు ఎక్కగలరా, ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు. కష్టాన్ని బట్టి ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి రెండు మార్కులు. మొత్తం 4 దాటినా, 4 దగ్గర ఆగినా ఇంకా లోతుగా చూడాలి. నాకు సరిగ్గా 4 వచ్చింది.

తర్వాత పరీక్షలు. చేతిపట్టు కొలిచే పరికరాన్ని బలమంతా పెట్టి నొక్కమన్నారు, 15 కిలోలు చూపించింది. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమన్నారు, 17 సెకన్లు పట్టింది. మామూలు వేగంతో కొన్ని మీటర్లు నడిపించారు, అది పర్వాలేదు. టేపుతో పిక్క చుట్టుకొలత తీశారు. చివరికి డెక్సా స్కాన్. ఎముకల గుల్లతనం చూసే స్కానే ఇది, చేతుల్లో కాళ్లలో కండ ఎంతుందో కూడా దీంతోనే తెలుస్తుంది. ఎక్స్‌రే మోతాదు చాలా తక్కువ, కదలకుండా పడుకుంటే చాలు.

ఈ అంకెలకు హద్దులు ఉన్నాయి. యూరప్ నిపుణుల బృందం 2018లో సవరించిన లెక్క ప్రకారం చేతిపట్టు ఆడవాళ్లకు 16 కిలోలు, మగవాళ్లకు 27 కిలోల కంటే తగ్గకూడదు. ఐదుసార్లు లేచి కూర్చోవడం 15 సెకన్లు దాటకూడదు. ఆసియా బృందం 2019లో ఇచ్చిన హద్దులు ఇంకాస్త కఠినం: పట్టు 18, 28 కిలోలు, కుర్చీ పరీక్షలో 12 సెకన్లు పట్టినా తగ్గినట్టే. ఏ లెక్క చూసినా నేను హద్దుకు కిందే ఉన్నాను. స్కాన్‌లో కండ కూడా తక్కువే అని వచ్చింది. దీన్ని సార్కోపీనియా అంటారని డాక్టర్ గారు చెప్పారు. ఈ పేరు వైద్యంలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. అమెరికాలో పోషకాహార శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో ఈ మాట ప్రవేశపెట్టారు. అక్కడి జబ్బుల కోడ్ల జాబితాలో దీనికి సొంత కోడ్ వచ్చింది 2016లో. వయసైపోతే అంతే అని కొట్టిపారేసినదాన్ని కొలవగల, చికిత్స చేయగల జబ్బుగా చూడటం మొదలై కొద్దికాలమే అయిందన్నమాట.

రక్తపరీక్షలు కూడా రాశారు. థైరాయిడ్, షుగర్, విటమిన్ డి, బి12, కిడ్నీ పనితీరు అన్నీ చూశారు. నేను వాడే మందుల చీటీ తీసుకుని ఒక్కొక్కటీ చదివారు, ఎందుకంటే కొన్ని మందులు కండనొప్పి, నీరసం తెస్తాయి. ఒక వైపే బలహీనత ఉందా, ఉన్నట్టుండి వచ్చిందా, కారణం లేకుండా బరువు తగ్గుతోందా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఇవి ఉంటే దారి వేరు, ఆలస్యం చేయకూడదు. ఇది చదివేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే: కండ తగ్గిందని మీకు మీరే నిర్ణయించుకుని వ్యాయామం మొదలుపెట్టకండి, వెనక వేరే కారణం లేదని ముందు తేల్చుకోండి. నాకు విటమిన్ డి కాస్త తక్కువ ఉంది, దానికి మందు ఇచ్చారు. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"రోజూ ఇంత నడుస్తాను, నాకెందుకు తగ్గింది డాక్టర్ గారూ?" అని అడిగాను. ఆయన చెప్పింది నాకు చాలా ఉపయోగపడింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కండలోని మాంసకృత్తులు ఎప్పుడూ కొంత కరుగుతూ, కొంత కొత్తగా తయారవుతూ ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ తిన్న ప్రోటీన్‌కీ, చేసిన పనికీ కండ స్పందించడం మందగిస్తుంది, తయారయ్యేది తగ్గుతుంది. దానికి తోడు, వెన్నుపాము నుంచి కండలను నడిపించే నరాల కణాలు కొన్ని చచ్చిపోతాయి. వాటి అధీనంలో ఉన్న కండపోగుల్లో కొన్నిటిని పక్క నరాలు దత్తత తీసుకుంటాయి, మిగిలినవి ఎండిపోతాయి. ఆడవాళ్లలో నెలసరి ఆగాక హార్మోన్లు తగ్గడం కూడా ఇందులో ఒక పాత్ర వహిస్తుంది. 30 ఏళ్లు దాటాక కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం చొప్పున తగ్గుతుందని, 60 దాటాక ఇంకా వేగంగా తగ్గుతుందని లెక్క. బలం అంతకంటే వేగంగా పడిపోతుంది.

కండపోగులు స్థూలంగా రెండు రకాలు. ఒక రకం నెమ్మదిగా పనిచేస్తుంది, చాలాసేపటి దాకా అలవదు. రెండో రకం చటుక్కున, గట్టిగా పనిచేస్తుంది, తొందరగా అలిసిపోతుంది. వయసుతో ఎక్కువగా సన్నబడేది ఈ రెండో రకం. సమతలం మీద మామూలు నడకకు మొదటి రకం చాలు. ముప్పావుగంట నడవగలిగిన నేను సోఫాలోంచి లేవలేకపోవడానికి, జారినప్పుడు కాలు అందుకోలేకపోవడానికి కారణం ఇదే. నడక గుండెకు మంచిది, షుగర్‌కు మంచిది, మనసుకు మంచిది. కానీ రెండో రకం పోగులకు పని పడాలంటే బరువు కావాలి. దీనికంటూ ఆమోదం పొందిన మందు ఏదీ లేదని కూడా ఆయన చెప్పారు. ఉన్న చికిత్స బరువులతో వ్యాయామం, దానికి తగిన తిండి.

ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు. మా అమ్మాయి కంటే చిన్నది. మొదటి రోజు బీపీ చూసి, నన్ను కాస్త ఎత్తుగా ఉన్న బల్ల మీద కూర్చోబెట్టి, "చేతులు ఆనకుండా లేవండమ్మా, నెమ్మదిగా కూర్చోండి" అంది. అదే మొదటి వ్యాయామం. ఎత్తు ఎక్కువ ఉంటే లేవడం తేలిక, ఎత్తు తగ్గించినకొద్దీ కష్టం. దానితో పాటు గోడను తోయడం, రబ్బరు బ్యాండును కడుపు వైపు లాగడం, కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తడం, పొట్టి మెట్టు ఎక్కి దిగడం. ఇంతే. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం ఇచ్చి చేయాలి.

అన్నిటికంటే ముఖ్యంగా ఆ అమ్మాయి నేర్పింది, ఎంత కష్టపడాలో ఎలా తెలుసుకోవాలన్నది. "పది సార్లు చేశాక ఇంకో పది చేయగలనని అనిపిస్తే అది మీకు చాలదమ్మా. ఇంకో రెండు మూడు మాత్రమే చేయగలను అనిపించిన చోట ఆపండి" అంది. అలా చేస్తే ఆఖరి రెండు సార్లకు వేగం దానంతట అదే తగ్గుతుంది, తొడలు మండుతాయి. నాకు మొదట్లో చాలా టెన్షన్‌గా ఉండేది, ఈ వయసులో ఏదైనా పట్టేస్తే ఎలా అని. ఊపిరి బిగపట్టొద్దని, లేచేటప్పుడు వదలాలని పదేపదే చెప్పేది, బిగపడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుందట. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి వస్తే అక్కడికక్కడే ఆపేయాలి. నా మోకాళ్లలో కొంత అరుగుదల ఉంది. దాని గురించి అడిగితే, "కాస్త నొప్పి ఉన్నా పర్వాలేదు, మర్నాటికి తగ్గిపోవాలి. మర్నాడు వాపో, ఎక్కువ నొప్పో ఉంటే ఎత్తు పెంచుదాం, మానేయడం మాత్రం వద్దు" అంది. ఆ లెక్కతోనే ఇప్పటికీ చేస్తున్నాను. తొడల్లో బలం వచ్చాక మోకాళ్ల నొప్పి కూడా తగ్గింది.

కొన్ని వారాలకే తేడా తెలిసింది. సోఫాలోంచి చెయ్యి ఆనకుండా లేచాను. అద్దంలో చూసుకుంటే కాళ్లు మాత్రం అలాగే సన్నగా ఉన్నాయి. మొదట్లో వచ్చే బలం కండ పెరగడం వల్ల కంటే నరాల వల్ల వస్తుందట: ఉన్న పోగుల్లోనే ఎక్కువ వాటిని మెదడు ఒకేసారి పనిలోకి దించడం నేర్చుకుంటుంది. కండ పెరగడానికి నెలలు పడుతుంది. ఇది తెలియక అద్దం చూసి నిరాశపడి మానేసేవాళ్లు చాలామంది ఉంటారని నా అనుమానం.

అక్కడి నుంచి పని అంతా బరువు పెంచడమే. బల్ల ఎత్తు మామూలు కుర్చీకి దిగింది. కుర్చీ తేలికయ్యాక ఛాతీకి ఆనించి డంబెల్ పట్టుకోమంది. తర్వాత జిమ్‌లో లెగ్ ప్రెస్ మిషన్. పాదాలతో బరువును తోసే ఆ మిషన్ మీద కూర్చున్నప్పుడు నాకు భయం కంటే సంతోషమే ఎక్కువ కలిగింది. నడుముకు ఆసరా ఉంటుంది, కిందపడే ప్రమాదం లేదు, ఎంత తోశానో అంకెల్లో కనబడుతుంది. నా వయసు ఆడవాళ్లు జిమ్ అంటే కుర్రాళ్ల చోటని అటు చూడరు. నిజానికి అందులోని మిషన్లు మనకే ఎక్కువ అవసరం. కొంత బలం వచ్చాక "లేచేటప్పుడు వేగంగా లేవండి, దిగేటప్పుడు మూడు లెక్కపెడుతూ దిగండి" అని మార్చింది. వేగంగా లేవడం చటుక్కున పనిచేసే పోగుల కోసం. ఒంటికాలి మీద నిలబడటం, పాదం ముందు పాదం వేసి నడవడం లాంటి బ్యాలెన్స్ వ్యాయామాలు కూడా చేర్చింది. 65 దాటినవాళ్లు ఇలాంటివి బలంతో కలిపి వారానికి మూడు రోజులైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోనూ ఉంది.

తిండి విషయంలో డైటీషియన్ నన్ను మూడు రోజులు తిన్నదంతా రాయమన్నారు. రాసింది చూస్తే ప్రోటీన్ అంతా రాత్రి భోజనంలోనే ఉంది, ఉదయం దాదాపు ఏమీ లేదు. పెద్దలకు మామూలుగా చెప్పే లెక్క కిలో బరువుకు 0.8 గ్రాములు. వయసు మీరినవాళ్లకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. నా బరువుకు రోజుకు దాదాపు 58 నుంచి 70 గ్రాములన్నమాట. దాన్ని మూడు పూటలకూ పంచమన్నారు, ఎందుకంటే ముసలి కండ కొద్దికొద్ది ప్రోటీన్‌కు కదలదు, ఒక పూటలో తగినంత పడితేనే కదులుతుంది. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 8 గ్రాములు ఉంటాయని తెలిశాక లెక్క వేసుకోవడం తేలికైంది. పప్పులు, గింజలు, పెరుగు, చేపలు, మాంసం, ఎవరు ఏది తింటే అది. ఆకలి తక్కువగా ఉన్న పూట పళ్లెంలో ముందు ప్రోటీన్ ఉన్నది తినేసి తర్వాత మిగతావి తింటాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క పాటించకూడదు, వాళ్లు డాక్టర్‌ని అడిగి తీరాలి. నాకు కూడా క్రియాటినిన్ రిపోర్టు చూశాకే ఈ అంకె ఇచ్చారు.

"ప్రోటీన్ పౌడర్ తాగితే సరిపోదా?" అని చాలామంది నన్ను అడుగుతున్నారు. అమెరికాలో డాక్టర్ మరియా ఫియటరోన్, ఆమె సహచరులు వృద్ధాశ్రమంలో ఉండే 100 మంది మీద చేసిన అధ్యయనం 1994లో వచ్చింది. వాళ్ల సగటు వయసు 87. పది వారాల్లో బరువులతో వ్యాయామం చేసినవాళ్ల బలం రెట్టింపుకు మించి పెరిగింది, నడక వేగం, మెట్లెక్కే శక్తి కూడా పెరిగాయి. వ్యాయామం లేకుండా పోషకాహార పానీయం మాత్రమే తాగినవాళ్లకు బలం పెరగలేదు. తినలేకపోయేవాళ్లకు పౌడర్ సాయపడుతుంది, బరువెత్తే పని మాత్రం అది చేయదు.

అంతా సాగుతుండగా నాకు జ్వరం వచ్చి మంచం పట్టాను. కోలుకుని లేచేసరికి కుర్చీలోంచి లేవడానికి మళ్లీ చెయ్యి వెతుక్కున్నాను. ఏడుపొచ్చింది, దాచుకోవడం ఎందుకు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే వాళ్ల కాళ్లలో దాదాపు ఒక కిలో కండ పోయిందని 2007లో ఒక అధ్యయనం తేల్చింది. జబ్బు ఏమీ లేకుండానే అంత పోతే, జ్వరంతో పడుకున్నప్పుడు ఇంకెంత పోతుంది! వయసు మీద కండ ఏటా కొంచెం కొంచెంగా తగ్గడం ఒక ఎత్తు, ఇలా జబ్బు పడినప్పుడు, ఆపరేషన్ అయినప్పుడు ఒక్కసారిగా కూలడం ఇంకో ఎత్తు. ఎంతోమంది పెద్దవాళ్లు ఆసుపత్రికి నడిచి వెళ్లి, జబ్బు నయమయ్యాక కూడా మునుపటిలా నడవలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం. "రెస్ట్ తీసుకోండి, కదలకండి" అని ప్రేమతో పడుకోబెట్టే ఇంట్లోవాళ్లకు ఇది తెలియాలి. డాక్టర్ వద్దన్నప్పుడు తప్ప, పగలు కూర్చోబెట్టాలి, బాత్రూమ్ దాకా నడిపించాలి, భోజనం మంచం మీద కాకుండా కుర్చీలో పెట్టాలి.

నేను సగం బరువుతో మళ్లీ మొదలుపెట్టాను. పోయినది తిరిగి రావడానికి, మొదటిసారి సంపాదించడానికి పట్టినంత కాలం పట్టలేదు.

ఏడాది తిరిగాక మళ్లీ అవే పరీక్షలు చేశారు. కుర్చీ పరీక్ష 11 సెకన్లలో అయిపోయింది. చేతిపట్టు 17 కిలోలు, అంటే యూరప్ లెక్కలో హద్దు దాటాను, ఆసియా లెక్కలో ఇంకా తక్కువే. డెక్సాలో కండ పెరిగింది గానీ చాలా కొద్దిగా. ఆ అంకె చూసి నా మొహం వాడిపోయింది. "అదొక్కటే చూడకండి, మీరు పోగొట్టుకునే వయసులో పోగొట్టుకోకపోవడమే పెద్ద విషయం, పైగా బలం ఎంత పెరిగిందో చూడండి" అన్నారు డాక్టర్ గారు. నిజమే, నాకు కావలసింది కుర్చీలోంచి, నేల మీంచి లేవగలగడం. స్కాన్ కాగితం దానికి సాయం మాత్రమే. బరువు మిషన్ 59 చూపించింది.

ఇప్పుడు వారానికి రెండు రోజులు జిమ్, ఒక రోజు ఇంట్లో. నేల మీద కూర్చుని ఒక్క చెయ్యి సాయంతో లేవడం వచ్చింది, ఏ సాయం లేకుండా లేవడం మీద పనిచేస్తున్నాను. చేతిపట్టు కోసం రెండు చేతుల్లో బరువులు పట్టుకుని గదిలో అటూ ఇటూ నడుస్తాను. నడక కూడా మానలేదు.

మా అక్కకి 81. నా సంగతి విని, "నీకైతే సరే, నాకింక ఆ వయసు దాటిపోయింది" అంది. "అక్కా, 1990లో 86 నుంచి 96 ఏళ్ల వాళ్ల చేత ఎనిమిది వారాలు బరువులెత్తించి చూశారు, వాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. నువ్వు వాళ్లందరి కంటే చిన్నదానివే" అన్నాను. నవ్వింది గానీ ఆలోచించింది. డాక్టర్‌కి చూపించాం, గుండె పరీక్ష చేయించాం, ఫిజియోథెరపీ మొదలైంది. ఇప్పుడు గోడకు ఆనించిన కుర్చీలో గట్టి దిండ్లు రెండు వేసుకుని, ఎదురుగా బల్ల పెట్టుకుని లేవడం సాధన చేస్తోంది. బల్ల మీద చేతులు ఆనించుకోవచ్చు, లాగకూడదు. పక్కన ఎవరో ఒకరు నిలబడాలి. వరసగా ఎనిమిది సార్లు తేలిగ్గా లేవగలిగిన రోజున ఒక దిండు తీసేయాలని చెప్పారు.